అప్‌డేట్: నాలుక పట్టేసిన మదిరాన్ వైన్ సీసా సంగతి

పోయినేడాది మీ అందరినీ అడిగాను గుర్తుందా? తులూజ్‌లో కొన్న 2015 మదిరాన్ (ఫ్రాన్స్ నైరుతి ప్రాంతపు ఎర్ర వైన్) ఆరు సీసాల్లో ఒకటి తెరిస్తే, పచ్చి నేరేడు కాయ నమిలినట్టు నాలుక పట్టేసింది, పాడైపోయిందా అని.

పాడవలేదు. మీరు చెప్పిందే నిజం, అది మదిరాన్‌కి ముఖ్యంగా వాడే తన్నా ద్రాక్ష గుణం. ఈ ద్రాక్షలో వగరు ఎంతంటే, దాన్ని మెత్తబరచడానికే పాట్రిక్ దుకుర్నో అనే వైన్ తయారీదారు 1991లో మదిరాన్ ప్రాంతంలోనే వైన్‌లోకి సన్నటి ఆక్సిజన్ బుడగలు పంపే పద్ధతి తెచ్చాడు.

మిగిలిన ఐదు సీసాల్నీ వంటింట్లో ఫ్రిజ్ పైనుంచి తీసి, మా బిల్డింగ్ కింద నేలమాళిగలో పడుకోబెట్టాను. కార్క్ తడిగా ఉండాలి కదా. అక్కడ ఎండాకాలంలో కూడా 16 డిగ్రీలు దాటలేదు, నా టెన్షన్ తగ్గింది.

మొన్న శనివారం రెండోది తెరిచాను. మడ్డి అడుగుకి దిగాలని ముందురోజే నిలబెట్టాను. సీసా మెడ కింద ఫోన్ లైటు పెట్టి మెల్లగా డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజా‌లోకి వంచుతుంటే, చివర్లో నల్లటి దారంలా మడ్డి మెడదాకా వచ్చింది. అక్కడ ఆపేశాను. మూడు గంటలాగి తాగితే నల్ల ప్లమ్, తోలు, కొంచెం పొగ వాసన! వగరు ఉంది కానీ ఈసారి గరగరలాడలేదు. బాతు కాన్ఫీ (దాని కొవ్వులోనే మెల్లగా ఉడికించిన బాతు మాంసం) కొవ్వుకి బ్రహ్మాండంగా కుదిరింది. మర్నాడు మిగిలింది గోంగూర మటన్‌తో తాగాను, అది వద్దు. కారానికి వగరు మళ్లీ పైకొచ్చింది.

ఇంకా నాలుగున్నాయి. తర్వాతది 2028లో తెరుస్తాను. అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.