స్క్రోల్ సా మీద చిన్న ముక్క చివర్లో ఎగిరిపడుతోంది, ఎలా పట్టుకోవాలి?

స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ కోసే మెషీన్) మీద తెల్ల పొణికి చెక్కతో బొమ్మ ఎద్దులకు చెవులు కోస్తున్నాను. చెక్క మందం 6 మిల్లీమీటర్లు, ఒక్కో చెవి పొడవు 12, వెడల్పు 7. మెషీన్ 16 అంగుళాలది, చివర్లలో అడ్డ పిన్ లేని బ్లేడ్లు వాడుతున్నాను.

మొదట్లో బాగానే తెగుతుంది. చివరి 3 మిల్లీమీటర్ల దగ్గరే ఇబ్బంది. బ్లేడ్ పైకి వెళ్తూ ముక్కను కూడా లేపేసి టపటపా టేబుల్‌కేసి కొడుతోంది. అప్పుడు నా వేలికీ బ్లేడుకూ మధ్య సెంటీమీటరు కూడా ఉండదు. మొన్న గోరు అంచు తెగింది. రక్తం రాలేదు గానీ, అప్పట్నుంచి ప్రతి ముక్కకీ టెన్షనే.

ఇప్పటిదాకా చేసినవి: బ్లేడు ఆడే స్పీడు నిమిషానికి 1200 సార్ల నుంచి 600కి తగ్గించాను. 5 నంబరు బ్లేడు తీసి అంతకన్నా సన్నని 2 నంబరుది వేశాను, కొంచెం నయం. కింది పళ్లు తిరగేసి ఉండే బ్లేడు పెడితే ముక్క ఇంకా ఎక్కువ లేచింది. టేబుల్ రంధ్రం మీద 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి సన్నని చిల్లు పెట్టి అతికించాను, దాంతో ముక్కలు కిందకి జారిపోవడం ఆగింది. మెషీన్‌తో వచ్చిన నొక్కుడు కాలు (ముక్కను పైనుంచి నొక్కి పట్టే భాగం) కోయాల్సిన గీతను కప్పేస్తోంది. డబుల్ సైడ్ టేపుతో ప్లైవుడ్ ముక్కకి అంటిస్తే గట్టిగా నిలిచింది, కానీ పొణికి మరీ మెత్తన కదా, టేపు పీకితే చెవి అడుగున పీచు లేచి, రంగు వేసినా గరుకు కనిపిస్తోంది.

పీచు లేవకుండా, వేళ్లు బ్లేడుకు దూరంగా ఉంచి ఆ చివరి 3 మిల్లీమీటర్లు కోయాలంటే ముక్కను దేనితో పట్టి ఉంచాలి?