శ్రేణి పెద్ద చనిపోతే ఆ పీఠం ఎవరిది?

ప్రశ్న:
నవల కోసం ఒక నదీతీర నాగరికతను కల్పిస్తున్నాను. అక్కడ రాజు లేడు. నేత, లోహం, పడవల పనివాళ్ల శ్రేణులదే, అంటే వృత్తి సంఘాలదే పాలన. ప్రతి శ్రేణిలో పని నేర్చుకునేవారు, కూలికి పనిచేసే నిపుణులు, సొంత కార్ఖానా ఉన్న ఆచార్యులు, అందరిపైనా ఒక పెద్ద. ఆయన తర్వాత పెద్దకొడుకే పీఠమెక్కుతాడని రాశాను. నమ్మేలా ఉందా?

జవాబు:
ఉంది. బౌద్ధ జాతక కథల్లో శ్రేణి పెద్దను జేట్ఠకుడు అన్నారు, ఆ పదవి తండ్రి నుంచి కొడుకుకు రావడమూ కనిపిస్తుంది. కానీ మీ కథలో కూలి నిపుణుల కోపం ఏదీ? ఐరోపా గిల్డుల్లో, అంటే అక్కడి శ్రేణుల్లో, ఆచార్యుడు కావాలంటే పనితనం చూపే వస్తువొకటి చేసి పరీక్షకు పెట్టాలి. చాలాచోట్ల ఆచార్యుల కొడుకులకు ఆ పరీక్షను తేలిక చేశారు, రుసుము తగ్గించారు. బయటివాడు ఎంత నేర్పరైనా కూలివాడిగానే మిగిలేవాడు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో సొంత గిల్డు లేని ఉన్ని కార్మికులు 1378లో తిరగబడి కొంతకాలం నగర పాలననే చేజిక్కించుకున్నారు.

ప్రశ్న వేసినవారు:
అయితే అందరికన్నా గొప్ప పనివాడికే పీఠం ఇస్తాను.

మరో జవాబు:
వద్దండీ! మగ్గం మీద అద్భుతాలు చేసే మనిషికి తగవులు తీర్చడం తెలియాలని లేదు. నాసిక్ శాసనం ప్రకారం శక రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు ఒక నేత శ్రేణి దగ్గర 2000 కార్షాపణాలను (ఆనాటి నాణేలను) నెలకు నూటికి ఒకటి వడ్డీకి, అసలు ఎన్నటికీ తరగని నిధిగా ఉంచాడు. అంత నమ్మకం ఒక్క మనిషి ప్రాణం మీద నిలవదు. ప్రాచీన ధర్మశాస్త్రమైన బృహస్పతి స్మృతి ఇద్దరు, ముగ్గురు లేదా ఐదుగురు కార్యచింతకులను (సంఘం పనులు చూసేవారిని) పెట్టమన్నది అందుకేనని నా నమ్మకం.

మొదట జవాబిచ్చినవారు:
ముగ్గురే అనుకుందాం, వాళ్లను ఎంచేదెవరు? ఫ్లోరెన్సులో గిల్డుల నుంచి వచ్చిన ప్రయర్లకు (నగర పాలకులకు) రెండు నెలలే పదవి, పైగా చీటీలు తీసి ఎంపిక. అయినా సంచిలో ఏ పేర్లు వేయాలో తేల్చేవాళ్లను గుప్పిట్లో పెట్టుకుని 1434 తర్వాత మెడిచీ అనే సంపన్న బ్యాంకర్ల కుటుంబం పెత్తనం సాగించింది.

మరో జవాబు:
ఒప్పుకుంటాను. అందుకే ముగ్గురిలో ఒకరిని కూలి నిపుణులే ఎన్నుకోవాలి, ఖజానా తాళాలు మూడు ఉండాలి. కొడుకుకు కార్ఖానా దక్కనివ్వండి, పీఠం కాదు. ఇంకొక మాట: ఎన్నో ఐరోపా గిల్డుల్లో భర్త పోయాక భార్యే కార్ఖానా నడిపేది. మీ పెద్దకు భార్య లేదా? ఆమె పేరైనా రాయలేదు.