దాపలకా, వలపలకా?

కాకినాడ రేవు: మా నాన్న ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేశారు. థామస్ గ్రే 19వ శతాబ్దంలో నావికుల కోసం రాసిన ఇంగ్లీషు పాటను తనే తెలుగు చేసి మా చేత వల్లె వేయించేవారు. ‘ఎరుపుకెరుపు, పచ్చకు పచ్చ, భయము లేదు పోవచ్చు’ బాగానే గుర్తుంది. ‘మూడు దీపాలు ముందర కంటే చుక్కాని ...పలకు, చూపు ఎరుపు’ దగ్గర ఆగిపోతున్నాను. (ఓడకు ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చదీపం, స్తంభం మీద తెల్లదీపం, ఇవే ఆ మూడు. దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి.) దాపలకా, వలపలకా? అడుగుదామంటే ఆయన లేరు.

నాగలిమేడి: వలపలకే. ఎదురెదురుగా వచ్చే మరపడవలు రెండూ కుడికే తిరగాలి. ఓడలు గుద్దుకోకుండా చేసిన 1972 అంతర్జాతీయ నిబంధనల్లో ఇది 14వది. అప్పుడే మన ఎడమ పక్క ఎర్రదీపం వాళ్లకు కనబడుతుంది.

పాతబీరువా: తొందరపడకండి. మూలంలో ‘పోర్ట్ మై హెల్మ్’ అనే ఉంది, పోర్ట్ అంటే ఎడమ. అప్పట్లో ఆజ్ఞ చుక్కాని పిడిని బట్టి ఇచ్చేవారు. పిడిని ఎడమకు నెడితే ఓడ ముక్కు కుడికి తిరుగుతుంది. బ్రిటిష్ ఓడల్లో ఆ పద్ధతి మారింది 1930లలోనే. కాబట్టి దాపలకే.

నాగలిమేడి: ఆయన పనిచేసినవి ఆ తర్వాతి ఓడలు కదండీ. చక్రం ఎటు తిప్పితే ఓడ అటే. చేతికి అలవాటైన మాటే నోటికి వస్తుంది.

వానచినుకు: అసలు దాపల ఎడమేనా? దాపు అంటే దగ్గర. ‘దాపునకు’ అని ఉండొచ్చు, పిడిని తన దగ్గరికి లాక్కోమని.

నాగలిమేడి: ఎడమేనండీ. మా తాతయ్య పొట్టికొమ్ముల ఎద్దును ఎప్పుడూ దాపటే కట్టేవారు. వలపట కడితే అడుగు కదిలేది కాదు. తమిళంలోనూ వలం అంటే కుడి.

వానచినుకు: సరే, మాత్రలు లెక్కపెడితే?

పాతబీరువా: పెట్టాను. దాపలకు అయిదు, వలపలకు అయిదు. ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

మోటుపల్లి: ఓడల మాట వచ్చాక శ్రీనాథుణ్ణి తలుచుకోకపోతే ఎలా? హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి సముద్రవ్యాపారే. అందులో ఓడల పేర్లుగా కప్పలి, జోంగు వస్తాయి. కప్పలి తమిళ ‘కప్పల్’. పరభాషల మాటలు పద్యంలో అంత సొంపుగా ఇమిడించడం ఆయనకే చెల్లింది.

పాతబీరువా: జోంగు చీనా ఓడే, ఇంగ్లీషువాళ్ల ‘జంక్’. మీ పేరింటి ఊళ్లోనే గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయశాసనం వేయించాడు. అందులో ఓడను ‘కలం’ అన్నారా అని ఎప్పటినుంచో వెతుకుతున్నాను.

మోటుపల్లి: అది శాసన పాఠంలోనే చూడాలి. విడిగా మాట్లాడుకుందాం.

వానచినుకు: కాకినాడ గారూ, ఎడమా కుడీ ఎదురుపడితే సరే, అడ్డంగా వస్తే దారి హక్కు ఎవరిదని చెప్పేవారు?

కాకినాడ రేవు: ‘హక్కు’ అంటే కోప్పడేవారు. కుడి పక్క ఎరుపు కనబడితే తొలగాల్సింది మనం, అవతలివాడు దారీ వేగమూ మార్చకూడదు. మనం తొలగకపోతే గుద్దుకోకుండా వాడూ ఏదో ఒకటి చేయాలి, ఎవరికీ హక్కు లేదనేవారు. వరండాలో రెండు చెప్పులు ఎదురెదురుగా పెట్టి, రెండింటినీ కుడికి జరిపి చూపించేవారు. ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేశాను. ‘పలకు’ వరకు ఖాయమట, ముందు అక్షరం వాడికీ గుర్తు లేదు.

నాగలిమేడి: చెప్పులు కుడికి జరిపారంటే వలపలకే!

పాతబీరువా: జరిగింది ఓడండీ, చుక్కాని పిడి కాదు.