పైథాన్‌లో పైసలను రౌండ్ చేసేటప్పుడు సరిగ్గా సగం వస్తే ఏ పద్ధతి పాటించాలి?

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా ఊరి పాలకేంద్రంలో పదిహేను రోజులకొకసారి రైతులకు చెల్లించే లెక్క కోసం పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. లీటరు 41.25 రూపాయల చొప్పున రెండున్నర లీటర్లకు 103.125 వస్తుంది; రైతు చేతి లెక్కలో అది 103.13 అయితే, దగ్గరి పైసాకు సవరించే రౌండ్ ఫంక్షన్ మాత్రం 103.12 చూపిస్తున్నది. అదే 67.875ను 67.88 చేస్తున్నది. సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి అంకె (0, 2, 4, 6, 8) వైపుకు సవరించడం దాని నియమమని, ఎప్పుడూ పైకే సవరిస్తే పెద్ద మొత్తాల్లో లెక్క ఒకవైపుకు ఒరుగుతుందని చదివి, ఆ కారణం న్యాయమైనదేనని ఒప్పుకున్నాను.

అయితే ఆ నియమం ప్రకారం 2.68 కావలసిన 2.675 కూడా 2.67గానే వస్తున్నది. ఆ సంఖ్య కంప్యూటరు వాడే 0, 1 అంకెల బైనరీలో కచ్చితంగా ఇమడక, సగం కంటే రవ్వంత తక్కువగా నిలుస్తుందట. అందుకని విలువలను అక్షరరూపంలోనే తీసుకొని, దశాంశాలను ఉన్నవి ఉన్నట్టే లెక్కించే పైథాన్ డెసిమల్ మాడ్యూల్‌లో సగాన్ని పైకి సవరించే పద్ధతి పెట్టాలనుకుంటున్నాను. పైసా చిన్నదే కావచ్చు, కానీ పాలు పోసిన మనిషి తన వేళ్ల మీద సరిచూసుకోగలగాలని నా పట్టుదల.

దాణా బాకీ కోతలు రుణ సంఖ్యలుగా వస్తాయి. -2.5ను జావాస్క్రిప్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష -2 చేస్తుంది, డెసిమల్‌లోని ఆ పద్ధతి -3 చేస్తుంది. కోతల విషయంలో ఏది సబబు? ప్రతి పూట పాలకూ విడిగా సవరించాలా, పదిహేను రోజుల మొత్తానికి ఒకేసారి సవరించాలా? ఇలాంటి లెక్కలు రాసిన అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.