ఐర్లండ్ మట్టికట్టల ఆవరణలు: రక్షణకా, హోదాకా?

పాతగడప:
ఐర్లండ్‌లో రాత్ అని పిలిచే గుండ్రని మట్టికట్టల నివాసాలు 40,000కు పైగా ఉన్నాయి. కాలం తేలినవాటిలో అధికభాగం క్రీ.శ. 600–900 మధ్య కాలానివి. చాలావాటికి ఒకే కట్ట, దాని వెలుపల ఒకే కందకం, ఒకే ద్వారం ఉంటాయి. లోపలి స్థలం ముప్పై మీటర్లకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. ఒక రైతు కుటుంబం బ్రతికిన ఇలాంటి చోటును, కొందరు అంటున్నట్టు, ‘కోట’ అనడం సబబేనా? ముట్టడి వేసిన సైన్యాన్ని ఇది ఒక్కపూట కూడా ఆపలేదు.

కందకం:
సైన్యాన్ని ఆపడానికి కట్టారని ఎవరన్నారండీ? ఆ సమాజంలో సంపదను పాడి ఆవులతో లెక్కించేవారు, కనుక అసలు భయం పశువుల దోపిడీ ముఠాల గురించే. తెల్లవారేలోగా మందను తోలుకుపోవాలని చూసే ముఠాకు కట్టా, దానిపై కంచే చాలినంత అడ్డంకి. కొన్నిచోట్ల నేల కింద రాతితో కట్టిన సొరంగాలున్నాయి. మనిషి పాకుతూ తప్ప దాటలేని ఇరుకు మార్గాలు వాటిలో కనిపిస్తాయి. అవి దాక్కోవడానికి కాక, కొందరు అనేట్టు పాలు, వెన్న నిల్వ చేయడానికే అయితే అంత ఇరుకు ఎందుకు?

పాతగడప:
సొరంగాల మాట ఒప్పుకుంటాను, కానీ వాటిలో చాలా భాగం తరువాతి కాలానివి. వాటిని చూపి కట్టల ఉద్దేశాన్ని నిర్ణయించలేం. ఆంట్రిమ్ జిల్లాలోని డీర్ పార్క్ ఫార్మ్స్‌నే చూడండి. 1980లలో జరిగిన తవ్వకాల్లో, సన్నని కొమ్మలను బుట్టలా అల్లిన జంట గోడల ఇల్లు తడినేలలో చెడకుండా బయటపడింది. దాని ద్వారబంధపు ఓక్ చెట్టును క్రీ.శ. 648లో నరికినట్టు, కాండంలో ఏడాదికొకటిగా ఏర్పడే వలయాల లెక్కలో తేలింది. అలాంటి ఇళ్లు నిలిచాక మందకు మిగిలే చోటెంత? పైగా క్రీ.శ. 700 ప్రాంతపు ‘క్రిత్ గవ్లహ్’ అనే న్యాయగ్రంథం రాజు ఇంటి చుట్టూ కట్టను అతని ఆశ్రితులే వేయాలని చెబుతుంది. అంటే కట్ట ఎంత పెద్దదైతే అంతమంది అతని మాట వింటారని ఊరికి తెలుస్తుంది. కార్క్ జిల్లాలోని గారనెస్ అనే రాత్‌కు మూడు కట్టలున్నది అందుకేనని నా అభిప్రాయం. అక్కడ కంచు పనివారి మూసలు, మధ్యధరా ప్రాంతపు మట్టిపాత్రల ముక్కలు కూడా దొరికాయి.

కందకం:
గారనెస్ రాజస్థాయి నివాసం, దాన్ని మాదిరిగా తీసుకోలేం. ఆశ్రితులు లేని చిన్న రైతు అంత మట్టి ఎవరికి చూపించడానికి ఎత్తిపోశాడు? మంద అంతా లోపల పట్టకపోవచ్చు, కానీ రాత్రివేళ లేగదూడలనూ పాలిచ్చే ఆవులనూ తోలి ద్వారం మూస్తే అతని అవసరం తీరుతుంది. దొంగలతోపాటు అప్పట్లో తోడేళ్లూ ఉన్నాయి. వాటికి హోదాతో పనిలేదు.