మగపందిని మార్చాక పందిపిల్లలు పారుతున్నాయి (విరేచనాలు). జన్యులోపమా, వైరసా?

అడిగిన రైతు: నమస్కారం. మాది పీలేరు దగ్గర. తొమ్మిది తల్లి పందులు, అన్నీ యార్క్‌షైర్-నాటు క్రాసే. ఆరు నెలల కిందట పాత మగపందిని అమ్మేసి వేరే ఫారం నుంచి కొత్తది తెచ్చాను. దాని పిల్లలు పడటం ఇదే మొదలు. తొలి ఈత పంది పది పిల్లల్ని ఈనింది. రెండో రోజు నుంచే పసుపు నీళ్లలా పారుతున్నాయి, మూడు పోయాయి. పక్క గదిలో నాలుగో ఈత పంది ఉంది, దాని పిల్లలకు 12 రోజులు. అవీ మూడు రోజులుగా పారుతున్నాయి, కానీ విరిగిన పాల ముక్కల్లా పడుతోంది, ఒక్కటీ చావలేదు. పాత మగపంది ఉన్నన్నాళ్లూ ఇలా లేదు. కొత్తదాని రక్తంలోనే ఏదో ఉందా? లేక వైరసా? రాత్రి నిద్ర పట్టట్లేదు, టెన్షన్‌గా ఉంది.

ఇంకో రైతు: వైరస్సే అన్నా. పోయినేడు మాకూ ఇంతే. కోలిస్టిన్ పౌడర్ తాగించా, కట్టేసింది.

పశువైద్యుడు: తమ్ముడూ, ఆ కోలిస్టిన్ యాంటీబయాటిక్ మాట వదిలెయ్. మాంసానికి పెంచే జంతువులకు దాని తయారీ, అమ్మకం 2019 జులైలోనే కేంద్రం నిషేధించింది. పైగా వైరస్ అయితే ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. నీ పిల్లలు వాటంతట అవే కోలుకుని ఉంటాయి, పేరు పౌడర్‌కు వచ్చింది.

అడిగినవారికి రెండు ప్రశ్నలు. తల్లులు, పెద్ద పందులు కూడా పారుతున్నాయా, వాంతులున్నాయా? రెండోది, హైస్కూల్ ల్యాబ్‌లో ఉండే లిట్మస్ కాగితాలు ఎరుపు, నీలం రెండూ తెచ్చి, ఒక్కో గదిలో అప్పుడే పడిన విరేచనంలో తాకించి రంగు చెప్పండి. నేలమీద మూత్రం కలిసింది వద్దు, పిల్లను పట్టుకుని తోక ఎత్తి అక్కడే తాకించండి.

అడిగిన రైతు: పెద్దవాటికి ఏమీ లేదు సార్, మేత బాగానే తింటున్నాయి. వాంతులు చూడలేదు. మా పాప స్కూల్ నుంచి కాగితాలు తెచ్చింది. చిన్న పిల్లల దగ్గర ఎర్రది నీలంగా మారింది. 12 రోజుల వాటి దగ్గర నీలంది ఎర్రబడింది.

పశువైద్యుడు: అయితే మీ షెడ్డులో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు అనుకుంటున్నా. కాగితం పక్కా రుజువు కాదు, దారి మాత్రం చూపిస్తుంది.

పేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా సన్నటి పోగులతో ఉంటుంది. రోటా వైరస్ ఆ పోగులను కొరిగేస్తుంది. అప్పుడు పాలు అరగవు, పేగులోనే పులుస్తాయి, విరేచనం ఆమ్లంగా వస్తుంది. నీలం కాగితం ఎర్రబడిన 12 రోజుల వాటిది అదే తీరు. ఆ వయసులో కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి వచ్చినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, దానికి మందు వేరు, టోల్ట్రాజురిల్. కాబట్టి శాంపిల్ తప్పదు. ఏ మందూ పడని పిల్లల విరేచనం ఐస్ డబ్బాలో పెట్టి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు గానీ, తిరుపతి వెటర్నరీ కాలేజీకి గానీ పంపండి.

పీఈడీ, టీజీఈ అనే కరోనా జాతి వైరస్‌లు ఇంకా ఘోరం. పుట్టిన వారంలోపు పిల్లలు దాదాపు అన్నీ పోతాయి. ఎందుకంటే ఆ పోగులు మళ్లీ మొలవడానికి పసిపిల్లకు వారం పైనే పడుతుంది, మూడు వారాల పిల్లకు అందులో సగం చాలు. కానీ అవి కొత్తగా షెడ్డులోకి వస్తే పెద్ద పందులు కూడా పారతాయి, వాంతులుంటాయి. మీ దగ్గర అది లేదు.

రెండో రోజే మొదలై, ఎర్ర కాగితాన్ని నీలం చేసి క్షారంగా ఉన్నది ఎక్కువగా ఈ-కోలై బాక్టీరియా పని. మగపంది మీద మీ అనుమానం ఇక్కడ కొట్టిపారేయలేం. ఎఫ్4 రకం ఈ-కోలై పేగుకు పల్లేరుకాయ బట్టకు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కొన్ని పందుల పేగులో దానికి పట్టు దొరకదు, అది పుట్టుకతో వచ్చేది. పట్టు దొరికే గుణం ప్రబలం, అంటే తండ్రి ఒక్కడి నుంచి వచ్చినా పిల్లకు వచ్చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, తల్లికి పట్టు లేకపోతే ఆ క్రిమి దాని పేగులో నిలవదు. నిలవకపోతే దాని జున్నుపాలలో ఆ క్రిమికి విరుగుడూ పెద్దగా ఉండదు. అలాంటి తల్లికి పట్టున్న మగపందిని కలిపితే పిల్లలకు రెండు వైపులా దెబ్బే. పాత మగపందికి కూడా పట్టు లేకపోయి ఉంటే, ఇన్నాళ్లూ ఏమీ కాకపోవడానికి అదే కారణం కావచ్చు. అలాగని కొత్తదాన్ని తోలేయకండి. తొలి ఈత పంది జున్నుపాలలో విరుగుడు ఎలాగూ తక్కువే, అదీ కారణం కావచ్చు.

ఇంకో రైతు: అమెరికాలో వైరస్ పట్టని పందుల్ని తయారు చేశారట కదా సార్?

పశువైద్యుడు: మిస్సౌరీ విశ్వవిద్యాలయం వాళ్లు పందుల్లో ఏఎన్‌పీఈపీ అనే జన్యువును తీసేశారు, ఆ పరిశోధన 2019లో వచ్చింది. ఆ పందులకు టీజీఈ పట్టలేదు, పీఈడీ మాత్రం పట్టింది. అది ప్రయోగశాల సంగతి, మన సంతలో దొరకదు.

అడిగిన రైతు: మరి ఈ రాత్రికి ఏం చేయమంటారు?

పశువైద్యుడు: మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, గోరువెచ్చగా పల్లెంలో పెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. చిన్న పిల్లల గదిలో ఒక మూల బల్బు వేసి 32-34 డిగ్రీలు ఉంచండి. పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి పడుకుంటే చలి అన్నమాట. తాగలేనంత నీరసపడిన వాటికి సెలైన్ మీ ఊరి డాక్టరే ఎక్కించాలి, ఈ-కోలైకి ఏ మందో ల్యాబ్ రిపోర్ట్ చూసి ఆయనే చెప్తారు. ముందు చిన్న పిల్లల గదిలో పని చేసుకుని తర్వాతే 12 రోజుల వాటి గదికి వెళ్లండి, చెప్పులు మార్చండి. రోటా ఎండిన పెంటలో నెలల తరబడి బతుకుతుంది.

వచ్చే ఈతకు: తొలిచూలు పందిని నెల ముందే ఈనే షెడ్డులోకి తేండి, అక్కడి క్రిములకు విరుగుడుతో జున్నుపాలు సిద్ధమవుతాయి. మావిలోంచి పిల్లకు రోగనిరోధకాలు అందవు, జున్నుపాలే దిక్కు, అదీ మొదటి రోజు దాటితే పేగు పీల్చుకోదు. పిల్లలు ఎక్కువైతే గట్టివాటిని గంటసేపు గంపలో పెట్టి బక్కవాటిని చన్నులకు వదలండి.

అడిగిన రైతు (ఆరు రోజుల తర్వాత): రిపోర్ట్ వచ్చింది సార్. చిన్నవాటిలో ఈ-కోలై, పక్క గది పిల్లల్లో రోటా, కాక్సిడియా లేదు. ఇంకోటి పోయింది, మిగతా ఆరు పాలు తాగుతున్నాయి. పక్క గదిలో కట్టేసింది. ఏ పందికి ఏ మగపంది అన్నది ఇప్పటిదాకా రాసుకోలేదు, గోడమీద సుద్దతో మొదలుపెట్టా.

పశువైద్యుడు: సుద్ద కడిగితే పోతుంది, నోటుబుక్ కొనండి.