టామ్‌క్యాట్ 8.5లో ఘోస్ట్‌క్యాట్: పోర్టు మూసేస్తే చాలా, వెర్షన్ మార్చాలా?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక జావా అప్లికేషన్ టామ్‌క్యాట్ 8.5.32 (జావా అప్లికేషన్లు నడిపే సర్వర్) మీద నడుస్తోంది, ముందు అపాచీ హెచ్‌టీటీపీడీ అనే వెబ్ సర్వర్, ఆ రెంటి మధ్యలో ఏజేపీ ప్రోటోకాల్. నేను చేరకముందు ఎవరో పెట్టి వెళ్లిపోయారు. మొన్న ఆడిట్ వాళ్లు స్కాన్ చేసి సీవీఈ-2020-1938 (ఘోస్ట్‌క్యాట్ అనే భద్రతా లోపం నంబర్) అని ఎర్ర రంగులో రిపోర్టు పంపారు. మా మేనేజర్ గారేమో "నడుస్తున్నదాన్ని కదపొద్దు, ఫైర్‌వాల్‌లో ఏజేపీ పోర్టు 8009 మూసేయ్, అయిపోతుంది" అంటున్నారు. టెస్ట్ సర్వర్‌లో 8.5.100 పెట్టి పాత సెట్టింగుల ఫైలు సర్వర్.ఎక్స్ఎంఎల్ కాపీ చేస్తే సైటు 503 ఎర్రర్ ఇచ్చింది, లాగ్‌లో ఏజేపీ కనెక్టర్‌కి సీక్రెట్ (పాస్‌వర్డ్ లాంటిది) లేదని ఎర్రర్. నెట్‌లో వెతికితే సీక్రెట్‌రిక్వైర్డ్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేయమన్నారు. చేశాను, సైటు లేచింది. కానీ మనసు ఒప్పుకోవట్లేదు, టెన్షన్‌గా ఉంది. ఇది సరైనదేనా?

పాతసర్వర్:
ముందు ఆ ఫాల్స్ తీసేయండి. మీకొచ్చిన ఎర్రర్ ఆ లోపానికి ఇచ్చిన ప్యాచ్‌లో భాగమే, దాన్నే మీరు ఆపేశారు.
ఏజేపీ అనేది హెచ్‌టీటీపీడీకీ టామ్‌క్యాట్‌కీ మధ్య లోపలి దారి. ఆ దారిన వచ్చినదాన్ని టామ్‌క్యాట్ మామూలు రిక్వెస్ట్ కంటే ఎక్కువ నమ్ముతుంది. పాత వెర్షన్లలో ఈ కనెక్టర్ ఇన్‌స్టాల్ చేయగానే ఆన్‌లో ఉండేది, అదీ అన్ని అడ్రసుల మీదా వింటూ. 8009కి చేరగలిగిన ఎవరైనా వెబ్-ఇన్ఫ్ (బయటివాళ్లకి కనిపించకూడని అప్లికేషన్ ఫోల్డర్) లోపలి ఫైళ్లు చదివేయొచ్చు, మనవాళ్లు డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టేది చాలాసార్లు అక్కడే. అప్లికేషన్‌లో అప్‌లోడ్ ఉండి, ఫైళ్లు వెబ్‌యాప్ ఫోల్డర్‌లోనే పడుతుంటే ఇంకా ప్రమాదం. పైకి ఫొటోలా ఉన్న ఫైలుని కూడా జేఎస్పీగా (సర్వర్‌లో నడిచే జావా కోడ్ పేజీగా) నడిపించొచ్చు.
2020 ఫిబ్రవరిలో 9.0.31, 8.5.51, 7.0.100లలో దీన్ని సరిచేశారు. కనెక్టర్‌ని కామెంట్‌లో పెట్టారు, తెరిచినా లూప్‌బ్యాక్ (అదే మెషీన్ అడ్రస్, 127.0.0.1) మీదే వింటుంది, సీక్రెట్ లేకపోతే అసలు స్టార్ట్ అవదు. కాబట్టి రెండు వైపులా ఒకే సీక్రెట్ రాయండి. హెచ్‌టీటీపీడీ వైపు ఏజేపీ నడిపే మాడ్యూల్ మాడ్ ప్రాక్సీ ఏజేపీలో ఆ సదుపాయం హెచ్‌టీటీపీడీ 2.4.42 నుంచి వచ్చింది. మీది అంతకంటే పాతదైతే ఏజేపీ వదిలేసి మామూలు హెచ్‌టీటీపీ ప్రాక్సీ పెట్టుకోండి, 8080ని 127.0.0.1కి కట్టేసి.

వార్‌ఫైల్:
పైన చెప్పింది నిజం, కానీ 8.5లోనే ఆగిపోకండి అండి. దానికి సపోర్ట్ 2024 మార్చి 31తో అయిపోయింది. 2025 మార్చిలో వచ్చిన సీవీఈ-2025-24813 8.5కి కూడా వర్తిస్తుంది, ఫిక్స్ మాత్రం 9.0.99, 10.1.35, 11.0.3లకే. టామ్‌క్యాట్‌లో మామూలు ఫైళ్లు అందించే డిఫాల్ట్ సర్వ్‌లెట్‌లో రీడ్‌ఓన్లీ సెట్టింగ్‌ని ఎవరైనా ఫాల్స్ చేస్తేనే అది ప్రమాదం, మామూలుగా ట్రూనే ఉంటుంది, అయినా ఒకసారి వెబ్.ఎక్స్ఎంఎల్ తెరిచి చూడండి. 9.0లో తాజాదానికి వెళ్లండి. 10 జోలికి ఇప్పుడే వద్దు, జావాఎక్స్.సర్వ్‌లెట్ లాంటి ప్యాకేజీల పేర్లు అక్కడ జకార్తా అయ్యాయి, కోడ్ మార్చాల్సి వస్తుంది.
ఫైర్‌వాల్ బయటివాళ్లనే ఆపుతుంది. లోపల ఒక్క ల్యాప్‌టాప్ పాడైతే అక్కడి నుంచి 8009 తెరిచే ఉంటుంది.
మీ మేనేజర్ గారికి అమెరికా క్రెడిట్ రిపోర్టు కంపెనీ ఈక్విఫాక్స్ సంగతి చెప్పండి. వాళ్లు వాడిన స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కి ప్యాచ్ 2017 మార్చిలోనే వచ్చింది, మేలో అదే రంధ్రం నుంచి దొంగలు దూరారు, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. నేను పాత కంపెనీలో 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడ్డ గొడవ చూశాను. ఏ వార్ ఫైల్లో (అప్లికేషన్ ప్యాకేజీ) ఏ జార్ (లైబ్రరీ ఫైలు) ఉందో ఎక్కడా రాసిపెట్టలేదు, ఒక్కొక్కటీ విప్పి వెతకడానికే తెల్లారిపోయింది. ఆ రాత్రి నాకింకా గుర్తే.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మా హెచ్‌టీటీపీడీ పాతదే, ప్రాక్సీపాస్ లైన్లో సీక్రెట్ రాస్తే ఒప్పుకోలేదు. అందుకని టెస్ట్‌లో 9.0 పెట్టి హెచ్‌టీటీపీ ప్రాక్సీకి మార్చాను. కొత్త సర్వర్.ఎక్స్ఎంఎల్ తీసుకుని మావి నాలుగు లైన్లే అందులో చేర్చాను. అప్పుడు లాగ్‌లో అందరి ఐపీ 127.0.0.1 అని పడింది, లాగిన్ అవగానే హెచ్‌టీటీపీఎస్ పోయి హెచ్‌టీటీపీకి వెళ్లిపోతోంది. రిమోట్ఐపీ వాల్వ్ (ప్రాక్సీ వెనక ఉన్న అసలు ఐపీని, హెచ్‌టీటీపీఎస్‌ని టామ్‌క్యాట్‌కి గుర్తించనిచ్చేది) పెట్టి, హెచ్‌టీటీపీడీ నుంచి ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపిస్తే రెండూ కుదిరాయి. మేనేజర్ గారు శనివారం రాత్రికి సరే అన్నారు. పాత ఫోల్డర్ అలాగే ఉంచుతున్నాను, తేడా వస్తే వెనక్కి రావడానికి. ఇంకేమైనా మర్చిపోయానా?

పాతసర్వర్:
డేటాబేస్ పాస్‌వర్డ్. ఆ పోర్టు ఎన్నేళ్లుగా తెరిచి ఉందో, ఎవరు చదివారో మీకు తెలియదు. శనివారం అదే డౌన్‌టైమ్‌లో మార్చేయండి.